సొట్ట తీసే విద్య

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, సహేతుకంగా వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. వ్యాసాలు సాహిత్య, సామాజిక, వైజ్ఞానిక విషయాలను ఆశ్రయించి ఉంటాయి. ప్రస్తుత పాఠం వృత్తివిద్యకు సంబంధించిన వ్యాసం. పాత పికప్ వాహనపు పక్క రేకుకు పడిన లోతైన సొట్టను సరిచేసే విధానం ఇందులో వర్ణితమైంది. చేతిపనిలో ఇమిడి ఉన్న శాస్త్రాన్ని విద్యార్థులకు తెలియజేయడం, కంటికి కనిపించని చోట కూడా పని నిజాయితీగా సాగవలసిన అవసరాన్ని గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఒకప్పుడు తెలుగునాట ఇత్తడి బిందె లేని ఇల్లు అరుదు. బావి గట్టుకు తగిలి బిందెకు సొట్ట పడితే దానిని ఎవరూ పారవేసేవారు కారు. కంచరి వద్దకు తీసుకువెళ్ళేవారు. కంచరి ఒక గుండ్రని ఇనుప మొనను బిందె లోపలికి పోనిచ్చి, దానిని సొట్ట వెనుక ఆనించి, పైనుంచి సుత్తితో మెల్లమెల్లగా కొట్టి పాత్రకు పూర్వపు ఆకారాన్ని తెచ్చేవాడు. వంటపాత్ర అయితే లోపల కళాయి కూడా పూసి ఇచ్చేవాడు. స్టీలు, ప్లాస్టిక్ పాత్రల రాకతో ఆ వృత్తి చాలావరకు వెనుకబడింది. కాని ఆ విద్యలోని కీలకం మాత్రం నశించలేదు. నేడు అది మోటారు వాహనాల మరమ్మతు శాలలలో మరొక రూపంలో జీవిస్తున్నది. బిందె స్థానంలో వాహనపు రేకు వచ్చింది. ఇనుప మొన స్థానంలో డాలీ అనే చేతి దిమ్మ వచ్చింది. ఈ పనిని వ్యవహారంలో డెంటింగ్ అని, టింకరింగ్ అని పిలుస్తారు.

ఇటువంటి పనివారు పెద్ద సంఖ్యలో కనిపించే ప్రదేశాలలో విజయవాడలోని జవాహర్ ఆటోనగర్ ఒకటి. 1960ల దశకంలో రూపుదిద్దుకొన్న ఈ ప్రాంతంలో లారీలకు బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పి బిగించేవారు, కమాను కట్టలు సవరించేవారు, రంగులు వేసేవారు పక్కపక్కనే పనిచేస్తుంటారు. ఉదయం మొదలుకొని సాయంత్రం వరకు అక్కడ సుత్తి దెబ్బ వినిపించని వీధి ఉండదు. పాఠశాల చదువు మధ్యలో ఆపి ఈ వీధులలో పని నేర్చుకొని, క్రమంగా మేస్త్రీలై, సొంత దుకాణాలు పెట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు. గురుశిష్యులు ఒకే రేకుకు ఇరువైపులా నిలిచి పనిచేయడం అక్కడ నిత్యం కనిపించే దృశ్యం.

పికప్ వాహనానికి గ్రామీణ జీవితంలో ప్రత్యేక స్థానం ఉంది. లారీ వెళ్ళలేని దారిలో వెళ్ళగలదు. ఎడ్లబండి మోయలేని బరువును మోయగలదు. 1988లో టాటా సంస్థ టాటామొబైల్ పేరుతో పికప్ వాహనాన్ని ప్రవేశపెట్టింది. ఆ తరువాత వివిధ సంస్థల పికప్‌లు పల్లెలకు చేరాయి. కూరగాయలు, పాలు, ఎరువులు, మామిడికాయలు, పెళ్ళి సామాను — ఇవన్నీ వాటి మీద ప్రయాణం చేస్తుంటాయి. ఎన్నో కుటుంబాలకు ఆ ఒక్క వాహనమే జీవనోపాధి. అందువల్ల దానికి తగిలిన దెబ్బ కేవలం రేకుకు తగిలిన దెబ్బ కాదు. మరమ్మతులో గడిచే ప్రతి దినమూ ఆ ఇంటి రాబడిలో ఒక లోటు.

ఒక సందర్భం

ఉదాహరణకు నూజివీడు ప్రాంతపు తోటల నుంచి నున్న మామిడి మార్కెట్టుకు కాయలు చేరవేసే ఒక పాత పికప్‌ను ఊహించవచ్చు. తోటలో వెనుకకు నడుపుతున్నప్పుడు దాని తొట్టి పక్క రేకు తాటి మొద్దుకు బలంగా తగిలింది. వెనుక చక్రానికి కొంచెం ముందు, 30 సెంటీమీటర్ల వెడల్పున, 5 సెంటీమీటర్ల లోతున సొట్ట పడింది. దాని అంచున ఒక పదునైన మడత ఏర్పడింది. మడత వెంట రంగు పొలుసులుగా లేచిపోయింది. యజమాని దానిని మేస్త్రీ వద్దకు తీసుకువచ్చాడు.

“మేస్త్రీగారూ, వారంలో కోత మొదలవుతుందండీ. బండి ఆగిందంటే కాయ చెట్టునే పండిపోతుంది. పైకి కనిపించకుండా లప్పం పెట్టి, రంగు కొట్టేయండి, చాలు” అన్నాడు యజమాని.

“పెట్టమంటే పూటలో పెట్టేస్తానండీ. కాని ఇంత లోతు లప్పం గతుకుల రోడ్డు మీద ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఒక వానాకాలం తిరిగేసరికి పలకలా ఊడి మీ చేతికొస్తుంది. అప్పటికి లోపల రేకు తుప్పు తినేసి ఉంటుంది. అప్పుడు సొట్ట తీయడం కాదు, రేకే మార్చాలి” అన్నాడు మేస్త్రీ.

ఈ చిన్న సంభాషణలో ఈ పాఠానికి మూలమైన ప్రశ్న ఉంది. లోపాన్ని కప్పిపుచ్చడం ఒక మార్గం. లోపాన్ని తొలగించడం మరొక మార్గం. రంగు పూసిన తరువాత రెండూ మొదటి రోజున ఒకేలా కనిపిస్తాయి. ఆ తేడా పనివానికి మాత్రమే తెలుస్తుంది. యజమానికి అది కొన్ని నెలల తరువాత తెలుస్తుంది.

సొట్ట స్వభావం

సొట్టను సరిచేయవలెనంటే ముందుగా అది ఎలా ఏర్పడుతుందో గ్రహించాలి. పాత పికప్‌ల రేకు సాధారణంగా మెత్తని ఉక్కుతో చేసినది. దాని మందం సుమారు ఒక మిల్లీమీటరు. ఇటువంటి ఉక్కును కొద్దిగా వంచి వదిలితే తిరిగి యథాస్థితికి వస్తుంది. దీనిని స్థితిస్థాపకత అంటారు. ఒక హద్దు దాటి వంచితే మాత్రం వంగినది వంగినట్లే ఉండిపోతుంది. అంతేకాక, అలా వంగిన చోట ఉక్కు మునుపటికంటె గట్టిపడుతుంది. సన్నని తీగను ఒకే చోట పదేపదే వంచితే అది బిగిసి, చివరకు విరిగిపోవడం అందరూ ఎరిగినదే. సొట్టలోని మడత కూడా అటువంటిదే. చూడటానికి అది బలహీనమైన చోటుగా తోస్తుంది. నిజానికి రేకు మొత్తంలో అదే గట్టి చోటు.

లోతైన సొట్టలో రెండు రకాల వంపులు ఉంటాయి. దెబ్బ నేరుగా తగిలి, ఉక్కు హద్దు దాటి వంగిన భాగం మొదటిది. ఆ మడతలు లాగి పట్టుకొన్నందువల్ల తన ఇష్టం లేకుండానే లోపలికి ఒరిగిన విశాలభాగం రెండవది. రెండవ భాగానికి స్వతహాగా దోషం లేదు. మడతల పట్టు సడలిస్తే చాలు, అది చాలావరకు తానే స్వస్థానానికి వస్తుంది. అనుభవం లేనివాడు ఈ తేడాను గుర్తించక సొట్ట మొత్తాన్నీ సుత్తితో బాదుతాడు. దానివల్ల దోషం లేని రేకు కూడా సాగిపోయి, ఒక్క సొట్ట నూరు గుంటలవుతుంది.

అందువల్ల మేలైన పనివాడు వెంటనే సుత్తి పట్టడు. ముందుగా బురదను, పాత మట్టిని కడిగి రేకును శుభ్రం చేస్తాడు. వాహనాన్ని వెలుతురుకు ఏటవాలుగా నిలిపి, రంగు మీద వెలుగు ఎక్కడ విరుగుతున్నదో చూస్తాడు. పలుచని గుడ్డ కప్పిన అరచేతిని రేకు మీద నిమురుతాడు. కంటికి అందని ఎత్తుపల్లాలు చేతికి అందుతాయి. తొట్టి లోపలి వైపు నుంచి చేయి పెట్టే వీలు ఉన్నదో లేదో పరిశీలిస్తాడు. వెనుకవైపు తుప్పు ఉంటే మొనతో పొడిచి చూస్తాడు. మొన దిగిపోతే ఆ రేకు సుత్తికి ఆగదు. దానిని కోసి కొత్త ముక్క అతకవలసిందే. సమీపంలోని దీపాలను, తీగలను తొలగించి, డీజిల్ ట్యాంకు ఎంత దూరంలో ఉన్నదో చూసుకొన్న తరువాతనే పని ప్రారంభిస్తాడు.

పని క్రమం

సొట్ట తీయడంలో ఒక మూలసూత్రం ఉంది. దెబ్బ తగిలినప్పుడు ఏ వంపు చివర ఏర్పడిందో దానిని మొదట విప్పాలి. మొదట ఏర్పడిన దానిని చివర విప్పాలి. పికప్ విషయంలో తాటి మొద్దు మొదట తగిలిన చోటు సొట్ట నడిబొడ్డు. రేకు లోపలికి పోతూ ఉండగా అంచున ఉన్న మడత చివర ఏర్పడింది. కాబట్టి పని అంచు నుంచి నడిమికి సాగాలి. కొత్తగా పనిలో చేరిన కుర్రవానికి ఇది వింతగా తోస్తుంది.

“మేస్త్రీగారూ, లోతంతా నడుమనే ఉంది కదా! అక్కడే గట్టిగా కొడితే పోలా?” అని అడుగుతాడు శిష్యుడు.

“చాప ఎలా చుట్టారో దానికి వెనక్కే విప్పాలిరా అబ్బాయ్. నడుమ నుంచి లాగితే చాప చిరుగుతుంది, విప్పుకోదు” అంటాడు మేస్త్రీ.

ఈ క్రమంలో మేస్త్రీ తొట్టి లోపలి నుంచి బరువైన డాలీని సొట్ట వెనుక ఆనించి గట్టిగా నొక్కుతాడు. అదే సమయంలో వెలుపల అంచున ఉబ్బిన మడత మీద సుత్తితో తేలికగా కొడతాడు. డాలీ ఒక చోట, సుత్తి మరొక చోట ఉంటాయి. ఉబ్బు అణుగుతుంది, పల్లం లేస్తుంది. దెబ్బదెబ్బకూ డాలీ చోటు మారుతుంది. మడత విడిపోయిన క్షణంలో విశాలభాగం ఒక్కసారిగా చప్పుడుతో వెలుపలికి వస్తుంది. అప్పటికి సొట్టలో అధికభాగం తొలగిపోయినట్లే.

తరువాత రెండవ పద్ధతి మొదలవుతుంది. ఇందులో డాలీ సరిగ్గా సుత్తి కిందనే ఉంటుంది. కమ్మరి దాగలి మీద ఇనుమును సాగగొట్టినట్లు, మిగిలిన చిన్న మిట్టలను రెండింటి నడుమ చదును చేస్తారు. డాలీ వంపు ఆ చోట రేకుకు ఉండవలసిన వంపుతో సరిపోవాలి. ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. రెండు గట్టి వస్తువుల నడుమ నలిగిన రేకు పలుచబడి వైశాల్యం పెరుగుతుంది. అందుచేత దెబ్బలు తేలికగా, తక్కువగా ఉండాలి. సుత్తి మణికట్టు నుంచి ఆడాలి గాని భుజం నుంచి కాదు.

ఈ దశలో ఆకురాయి పనివానికి మంచి సాక్షి. చదునైన ఆకురాయిని రేకు మీద ఏటవాలుగా తేలికగా నడిపితే మిట్టలు మెరుస్తాయి, పల్లాలు నల్లగానే ఉంటాయి. నల్లని చోట వెనుక నుంచి మెల్లగా లేపాలి. మెరిసిన చోటును అణచాలి. ఆకురాయి ఇక్కడ రేకును అరగదీసే సాధనం కాదు, లోపాన్ని చూపే సాధనం. అతిగా నడిపితే మిల్లీమీటరు మందం గల రేకు కాగితంలా పలుచబడుతుంది.

కొన్ని పికప్‌ల తొట్టికి రెండు పొరల గోడ ఉంటుంది. లోపలి పొర అడ్డుపడటం వల్ల వెనుక నుంచి డాలీ పెట్టే వీలుండదు. పూర్వం అటువంటి చోట రేకుకు వరుసగా రంధ్రాలు చేసి, కొక్కెం తగిలించి లాగేవారు. ఆ రంధ్రాలను తిరిగి వెల్డింగుతో పూడ్చకపోతే వెనుక నుంచి తేమ చేరి లప్పాన్ని పాడుచేస్తుంది. నేడు చిన్న మేకులను వెల్డింగుతో రేకు పైనే అతికించి, వాటిని పట్టి లాగి, పని ముగిసిన తరువాత కోసివేస్తున్నారు. దానివల్ల రంధ్రాల బాధ తప్పింది. అయితే సాధనం మారినా క్రమం మారలేదు. అక్కడ కూడా అంచు మడతను సుత్తితో సడలిస్తూనే నడుమను లాగాలి.

సాగిన రేకును కుదించడం

లోతైన సొట్టను మామూలు సొట్ట నుంచి వేరుచేసేది రేకు సాగుదల. దీనిని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు గల గుండ్రని సొట్టలో ఒక అంచు నుంచి రెండవ అంచుకు నేరుగా దూరం 30 సెంటీమీటర్లు. సొట్ట వంపు వెంట కొలిస్తే అది సుమారు 32 సెంటీమీటర్లు. ఈ అదనపు 2 సెంటీమీటర్లలో కొంత చుట్టుపక్కల రేకు లోపలికి జరిగినందువల్ల వచ్చింది. మిగిలినది రేకు సాగినందువల్ల వచ్చింది. సాగిన రేకును పూర్వపు చోట ఇమిడ్చినప్పుడు అది అమరదు. వేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోతుంది, వదిలితే మళ్ళీ బయటికి వస్తుంది. డబ్బా మూతలా ఆడే ఈ రేకు మీద ఎంత మంచి రంగు వేసినా నిలవదు.

దీనికి విరుగుడు అగ్ని. సాగిన చోట గ్యాసు మంటతో రూపాయి బిళ్ళకంటె చిన్న చుక్కను మసక ఎరుపు వచ్చేవరకు కాలుస్తారు. వేడెక్కిన ఉక్కు వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ చల్లని గట్టి రేకు ఉన్నందువల్ల అది పక్కకు విస్తరించలేదు. మెత్తబడిన చుక్క తనలో తానే ఒత్తుకొని మందం పెంచుకొంటుంది. వెంటనే డాలీ ఆనించి తేలికగా కొట్టి దానిని చదును చేస్తారు. చల్లారినప్పుడు ఆ చుక్క సంకోచించి చుట్టుపక్కల రేకును తనవైపు లాక్కొంటుంది. ఉక్కు 600 డిగ్రీల మేర వేడెక్కినప్పుడు దాని పొడవు సుమారు 0.7 శాతం పెరుగుతుంది. అంటే సెంటీమీటరు చుక్క వల్ల కలిగే కుదింపు మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. అందువల్ల ఒక్క చుక్కతో పని పూర్తి కాదు. ఒకదాని తరువాత ఒకటిగా, ముందుది చల్లారిన తరువాతనే రెండవది కాల్చాలి. తొందరపడి పెద్ద మంటతో విశాలంగా కాలిస్తే రేకు మొత్తం అలలుగా ముడుచుకుపోతుంది.

ఈ పద్ధతి పాత వాహనాల మెత్తని ఉక్కుకు మాత్రమే తగినది. నేటి వాహనాలలో కొన్ని భాగాలను అధిక దృఢత్వం గల ఉక్కుతో చేస్తున్నారు. వాటిని కాలిస్తే ఆ దృఢత్వం పోతుంది. అమెరికాలో ఫోర్డ్ సంస్థ 2014లో తన ప్రసిద్ధ పికప్‌కు అల్యూమినియం బాడీని అమర్చింది. దానికి పనిముట్లు, పద్ధతులు వేరు. కాబట్టి రేకు స్వభావం తెలియకుండా మంట పట్టరాదు.

లప్పం: మితము, అతి

ఎంత నేర్పుతో చేసినా సుత్తిపనిలో చిన్న ఎత్తుపల్లాలు మిగులుతాయి. వాటిని పూడ్చడానికి పూర్వం సీసము, తగరము కలిపిన లోహాన్ని కరిగించి పూసేవారు. కంచరి కళాయిలోని తగరమే ఇక్కడా ఉపకరించింది. కాని సీసం విషపదార్థం కావడం వల్ల, ఆ పనికి ఎక్కువ నేర్పు అవసరం కావడం వల్ల 1950ల తరువాత పాలియెస్టర్ లప్పం క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది. ఇది జిగురు వంటి రెజిన్, మెత్తని రాతిపొడి కలిసిన ముద్ద. 100 గ్రాముల ముద్దకు 2 నుంచి 3 గ్రాముల హార్డెనర్ కలిపితే కొద్ది నిమిషాలలో గట్టిపడుతుంది. ఎండాకాలంలో ఇంకా త్వరగా గట్టిపడుతుంది. త్వరపడాలని హార్డెనర్ ఎక్కువ కలిపితే పైన వేసిన రంగులో మరకలు తేలుతాయి. తక్కువ కలిపితే లోపల మెత్తగానే ఉండిపోతుంది.

లప్పం చెడ్డది కాదు. అతి చెడ్డది. అది మూడు మిల్లీమీటర్లకు మించకుండా ఉండటం మంచి పనికి గుర్తు. ఉక్కు వంగినప్పుడు వంగుతుంది, ఎండకు వ్యాకోచిస్తుంది. మందమైన లప్పం ఆ కదలికను అనుసరించలేక పగులుతుంది. పగులులోకి నీరు చేరుతుంది. బరువు మోస్తూ గతుకులలో నడిచే పికప్‌కు ఈ కష్టం మరింత త్వరగా వస్తుంది. పాత రంగు మీద లప్పం పెట్టడం కూడా పొరపాటే. మెరిసే ఉక్కు వచ్చేవరకు గీకి, గరుకు చేసి, నూనె జిడ్డు తుడిచిన రేకును మాత్రమే లప్పం గట్టిగా పట్టుకొంటుంది. మరొక సంగతి, లప్పంలోని రాతిపొడికి తేమను పీల్చే గుణం ఉంది. దానిని నీటితో రుద్దితే నీరు లోపలే నిలిచి కొన్నాళ్ళకు రంగు కింద బుడగలు లేస్తాయి. కావున లప్పాన్ని పొడి కాగితంతోనే రుద్దాలి. నీటి కాగితం వాడవలసింది ఆ తరువాత వేసే పొరల మీదనే.

ఐదు సెంటీమీటర్ల సొట్టను లప్పంతో నింపి, రంగు వేసి ఇచ్చిన పనిని చూస్తే “పైన పటారం, లోన లొటారం” అనే తెలుగు సామెత గుర్తుకు వస్తుంది. అటువంటి వాహనాన్ని తెలియక కొన్నవాడు మోసపోతాడు. అయస్కాంతం ఉంటే ఆ మోసాన్ని సులభంగా కనిపెట్టవచ్చు. మందమైన లప్పం మీద అయస్కాంతం అంటుకోదు.

తుప్పు, రంగు

సొట్టకంటె తుప్పు ప్రమాదకరమైనది. సొట్ట పడినచోటే ఆగుతుంది. తుప్పు పాకుతుంది. రంగు లేచిన మడత మీద గాలి, నీరు కలిసి పనిచేస్తే కొద్ది రోజులలోనే ఎర్రని పొడి కనిపిస్తుంది. అందుచేత గీకిన రేకును రాత్రంతా ఆరుబయట ఉంచరాదు. ఉక్కును గట్టిగా పట్టుకొని నీటిని ఆపడానికి ఎపాక్సీ ప్రైమర్ మేలైనది. గీతలు కప్పడానికి వేసే సాధారణ ప్రైమర్ నీటిని పూర్తిగా ఆపలేదు. చాలామంది మరచిపోయే చోటు రేకు వెనుక భాగం. మంట తగిలిన చోట వెనుకవైపు పాత రంగు కూడా కాలిపోతుంది. ముందువైపు ఎంత అందంగా రంగు వేసినా, వెనుకవైపు ప్రైమర్ వేయకపోతే తుప్పు అక్కడి నుంచే పుట్టి ముందుకు వస్తుంది.

నున్న మార్కెట్టుకు వెళ్ళవలసిన పికప్ విషయంలో మేస్త్రీ చూపిన దారి గమనింపదగినది. యజమానికి సమయం లేదు. పూర్తి పనికి సమయం కావాలి. “కోతలోపు రేకు లేపి, రెండువైపులా ఎపాక్సీ కొట్టి ఇస్తానండీ. బండి మచ్చలతో కనిపిస్తుంది గాని తుప్పు పట్టదు. కాయ అయిపోయాక తీసుకురండి, పైపైన రుద్ది, సన్నగా లప్పం పెట్టి రంగు వేస్తాను” అన్నాడు మేస్త్రీ. యజమాని అంగీకరించాడు. ఆలస్యానికి ఓర్చగల పని అందం. ఓర్చలేని పని రక్షణ. ఏది ముందు, ఏది తరువాత అనే వివేకం కూడా ఈ విద్యలో భాగమే.

పనివాని ఆరోగ్యం

రేకును బాగుచేసే మనిషి శరీరం పాడు కాకూడదు. లప్పం రుద్దినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. హార్డెనర్ కలిపి చిమ్మే కొన్ని రంగులలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి తీవ్రమైన ఉబ్బసానికి కారణమవుతాయి. ముక్కుకు కట్టిన చేతిరుమాలు వీటిని ఆపలేదు. తగిన మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. పాత వాహనాల పసుపు, ఎరుపు రంగులలో సీసపు సమ్మేళనాలు ఉండవచ్చు. జింకు పూత గల రేకును వెల్డింగు చేసినప్పుడు వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. ఎడతెగని సుత్తి చప్పుడు చెవుల శక్తిని హరిస్తుంది. డీజిల్ ట్యాంకు పక్కన మంట వెలిగించడం ప్రాణాంతకం. కళ్ళద్దాలు, చేతితొడుగులు, చెవిమూతలు ఖరీదైనవి కావు. అయినా చిన్న దుకాణాలలో వాటి వాడకం తక్కువ. శ్రమను గౌరవించడమంటే శ్రమించే వానిని పొగడటం మాత్రమే కాదు, అతని ఊపిరిని కాపాడటం కూడా.

ముగింపు

సొట్ట తీసే పనిని బలంతో కూడిన పనిగా భావించడం పరిపాటి. నిజానికి ఇది ఓర్పుతో కూడిన పని. రేకు ఏ క్రమంలో వంగిందో గ్రహించి, అదే క్రమాన్ని వెనుకకు నడపడం దీని సారం. ఇందులో భౌతికశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది, వేలికొనల జ్ఞానం ఉంది. అన్నిటికంటె ముఖ్యంగా ఒక ధర్మం ఉంది. పనివాడు చేసిన మంచిలో చాలాభాగం రంగు కింద దాగిపోతుంది. దానిని ఎవరూ చూడరు, ఎవరూ మెచ్చుకోరు. అయినా ఆ కనిపించని భాగం మీదనే కనిపించే భాగం నిలుస్తుంది. వానాకాలం గడిచినా పగలని రేకు, కొన్నేళ్ళ తరువాత కూడా బరువు మోసే బండి — ఇవే అతని పనికి యోగ్యతాపత్రాలు.

కఠిన పదాలు – అర్థాలు

సొట్ట = దెబ్బ తగిలి లోపలికి పోయిన చోటు
కంచరి = ఇత్తడి, రాగి, కంచు పాత్రలు చేసేవాడు, బాగుచేసేవాడు
కళాయి = పాత్ర లోపల పూసే తగరపు పూత
దాగలి = కమ్మరి లోహాన్ని ఉంచి కొట్టే ఇనుప దిమ్మ
ఆకురాయి = లోహాన్ని అరగదీసే పనిముట్టు
లప్పం = గుంటలు పూడ్చే ముద్ద
వ్యాకోచం = విస్తరించడం
సంకోచం = ముడుచుకోవడం, కుదించుకోవడం
పటారం = ఆడంబరం
లొటారం = డొల్లతనం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూపంలో సమాధానాలు రాయండి.
1. లోతైన సొట్టను తీసే క్రమాన్ని, అందులోని మూలసూత్రాన్ని వివరించండి.
2. “లప్పం చెడ్డది కాదు. అతి చెడ్డది.” పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. సొట్టలోని రెండు రకాల వంపులకు గల భేదమేమి?
2. సాగిన రేకును వేడితో ఎలా కుదిస్తారు?
3. రేకు పని చేసేవారు ఆరోగ్య విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. “చాప ఎలా చుట్టారో దానికి వెనక్కే విప్పాలిరా అబ్బాయ్.”
2. “బండి మచ్చలతో కనిపిస్తుంది గాని తుప్పు పట్టదు.”

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. సొట్టలో అన్నిటికంటె గట్టిగా ఉండే చోటు ఏది?
2. ఆకురాయి మెరిసిన చోటు దేనిని సూచిస్తుంది?
3. మందమైన లప్పాన్ని దేనితో కనిపెట్టవచ్చు?

ఉ) వ్యాకరణాంశాలు
1. సంధులు: జీవనోపాధి = జీవన + ఉపాధి (గుణసంధి); మేలైన = మేలు + ఐన (ఉత్వసంధి); ప్రాణాంతకం = ప్రాణ + అంతకం (సవర్ణదీర్ఘసంధి).
2. సమాసాలు: గురుశిష్యులు = గురువును, శిష్యుడును (ద్వంద్వ సమాసం); పాత వాహనం = పాతదైన వాహనం (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం); రెండు పొరలు = రెండైన పొరలు (ద్విగు సమాసం).

ఊ) ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక చేతివృత్తి పనివారిని కలిసి, వారు వాడే పనిముట్ల పేర్లు, వాటి ఉపయోగాలు సేకరించి ఒక పట్టిక తయారుచేయండి.